రాతి కమానుల కింద: ఇంగ్లండ్ కేథడ్రళ్ల గురించి పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని పాత కేథడ్రళ్లను చూడబోయేవారు, చూసి వచ్చినవారు ఈ మధ్య రాసిన ఉత్తరాలలో ఏడింటిని ఈ సంచికకు తీసుకున్నాము. ఉత్తర ఇంగ్లండ్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేసి, సెలవు దొరికినప్పుడల్లా ఆ కట్టడాల చుట్టూ తిరిగినవాడిని గనుక జవాబులు రాసే పని నాకు అప్పగించారు.

ప్రశ్న: మాది మెదక్. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి లీడ్స్‌లో ఉంటాడు. మే నెలలో వెళ్లి మూడు నెలలు ఉండబోతున్నాను. పుట్టినప్పటినుంచి మా ఊరి చర్చిని చూస్తూ పెరిగినదాన్ని గనుక అక్కడి పెద్ద కేథడ్రళ్లు చూడాలని ఎంతో కోరికగా ఉంది. వారాంతానికి రెండేసి చొప్పున పది పన్నెండు చూపిస్తానని మా అబ్బాయి అంటున్నాడు. ఏవి చూడాలి? వెస్ట్‌మినిస్టర్ అబ్బేతో మొదలుపెట్టవచ్చా?

జవాబు: అమ్మా, ముందుగా ఒక చిన్న సంగతి. వెస్ట్‌మినిస్టర్ అబ్బే ఎంత గొప్పదైనా ఈనాడు అది కేథడ్రల్ కాదు. కట్టడం పెద్దదైనంత మాత్రాన ఆ పేరు రాదు. బిషప్పు కూర్చునే పీఠం ఎక్కడ ఉంటే అదే కేథడ్రల్. లాటిన్‌లో కథెడ్రా అంటే ఆసనం. పదహారో శతాబ్దంలో పదేళ్లపాటు అబ్బేలో కూడా బిషప్పు పీఠం ఉండేది గానీ, ఇప్పుడది ఏ బిషప్పు అధికారానికీ లోబడకుండా నేరుగా రాజుగారి కిందనే ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి మీరు ఇంగ్లండ్ దాకా వెళ్లనక్కరలేదు. మీ ఊరి చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయినప్పుడు అది వెస్లియన్ మెథడిస్టు మిషన్ వారిది, బ్రిటిష్ మెథడిస్టులలో బిషప్పులు లేరు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్‌కు ఒక బిషప్పు వచ్చి, ఆయన పీఠం అక్కడ వేసిన తరవాతనే అది కేథడ్రల్ అయింది. ఒక్క రాయి కూడా కదలకుండానే ఆ కట్టడం హోదా మారిపోయింది.

ఇక లెక్క. పది పన్నెండు వద్దమ్మా, నాలుగు చాలు. నేను అక్కడికి వెళ్లిన మొదటి ఏడాది ఇదే పొరపాటు చేశాను. ఒకే రోజున మూడు ఊళ్లు తిరగాలని రైళ్ల వేళలు కాగితం మీద రాసుకుని బయలుదేరితే, మొదటిదానిలో గంట గడిపి, రెండోదానిలో పరుగు పెట్టి, మూడోదాని గుమ్మం ముందుకు చేరేసరికి తలుపులు మూసేశారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి కళ్లు మూసుకుంటే ఏ స్తంభం ఏ ఊరిదో గుర్తుకు రాలేదు. ఆ తరవాతి నుంచి ఒక రోజుకు ఒక్కటే అన్న నియమం పెట్టుకున్నాను. ఉదయం ఒకసారి లోపల తిరిగి, మధ్యాహ్నం ఊరు చూసి, వెలుగు మారాక మళ్లీ లోపలికి వెళ్లి, సాయంత్రం ప్రార్థన దాకా ఉండి రావాలి. ఉదయం తూర్పు కిటికీ వెలుగుతుంది, సాయంత్రం పడమటి కిటికీ వెలుగుతుంది. రెండూ చూడకుండా వచ్చేస్తే సగమే చూసినట్టు.

లీడ్స్ నుంచి యార్క్‌కు రైలులో అరగంట ప్రయాణం, కనుక అక్కడే మొదలుపెట్టండి. యార్క్ మిన్‌స్టర్ అని పిలిచే ఆ కేథడ్రల్‌ను 1220 ప్రాంతంలో మొదలుపెట్టి 1472 దాకా, అంటే రెండున్నర శతాబ్దాలు, కడుతూ వచ్చారు. అందులో తూర్పు గోడను దాదాపు నిండుగా ఆక్రమించిన రంగుటద్దాల కిటికీ ఒకటి ఉంది, టెన్నిస్ ఆడే మైదానమంత ఉంటుంది. కవెంట్రీకి చెందిన జాన్ థార్న్‌టన్ అనే అద్దాల పనివాడు 1405లో ఒప్పుకుని 1408లో పూర్తి చేశాడు. అంత పనికీ ఆయనకు ముట్టింది 56 పౌన్లు. సృష్టి ఆరంభం నుంచి లోకాంతం దాకా బైబిలు కథ అంతా అందులో ఉంది గానీ, నేల మీద నిలబడి చూసేవారి కంటికి పై వరసలలోని బొమ్మలు ఆనవు. ఒక చిన్న దుర్భిణి వెంట తీసుకువెళ్లండి. మెదక్‌లో మీరు ఇన్నేళ్లూ చూసిన కిటికీలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. ఆయన నేర్చుకున్న ఆ కళకు మూలమైన పాత పని ఎలా ఉంటుందో ఇక్కడ ఎదురుగా కనిపిస్తుంది. మీ కంటికి అది కొత్తగా తోచదని నా నమ్మకం.

రెండోది డర్హమ్. నా మటుకు నాకు ఇంగ్లండ్ మొత్తంలో దానికి సాటి వచ్చేది లేదు. రైలు ఆ ఊరిని సమీపిస్తూ ఎత్తైన వంతెన మీదికి ఎక్కగానే పుస్తకం మూసి కిటికీలోంచి చూడండి. లోయకు అవతల, వియర్ నది మూడు వైపులా చుట్టుకున్న గుట్ట మీద, కోట, కేథడ్రల్ పక్కపక్కన నిలిచి కనిపిస్తాయి. 1093లో మొదలుపెట్టి నలభై ఏళ్లలో ప్రధాన భాగమంతా పూర్తి చేశారు. అందుకే ఆ కట్టడమంతా ఒకే మనసుతో కట్టినట్టు ఉంటుంది. నలుగురు చేతులు చాచి పట్టుకుంటే గానీ అందనంత లావు గుండ్రటి స్తంభాలు. వాటిలో ఒకదాని మీద మెలికల గీతలు, ఒకదాని మీద వజ్రాల ఆకారపు గళ్లు, మరొకదాని మీద నిలువు చారలు. దగ్గరగా వెళ్లి రాళ్ల అతుకులు చూడండి. ఒక రాయి అంచున ఆగిన గీత పక్క రాయి మీద సరిగ్గా అదే చోటునుంచి సాగుతుంది. రాళ్లను పైకి ఎత్తకముందే నేల మీద కొలత ప్రకారం చెక్కి, ఆ తరవాత వరసలు పేర్చారన్నమాట. తొమ్మిది వందల ఏళ్ల నాటి మేస్త్రీ కొలత ఇప్పటికీ తప్పలేదు.

డర్హమ్‌లో పడమటి వైపు నేల మీద నల్లరాతి గీత ఒకటి అడ్డంగా ఉంటుంది. అది మఠంగా ఉన్న రోజులలో ఆడవారు ఆ గీత దాటి ముందుకు రాకూడదనేది కట్టుబాటు. మా అమ్మ నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే, ఏమీ అనకుండా ఆ గీత దగ్గర కాసేపు నిలబడి, చీర కుచ్చిళ్లు సవరించుకుని, నెమ్మదిగా దాటి లోపలికి వెళ్లింది. ఆ దారిన నేరుగా తూర్పుకు వెళితే బలిపీఠం వెనక కత్‌బర్ట్ సమాధి వస్తుంది. ఈ మహనీయుడు 687లో ఫార్న్ అనే చిన్న దీవిలో కన్నుమూస్తే, దగ్గరలోని లిండిస్‌ఫార్న్ దీవిలో సమాధి చేశారు. వైకింగ్ దోపిడీగాళ్లకు భయపడి 875లో అక్కడి సన్యాసులు ఆయన శవపేటికను భుజాన ఎత్తుకుని దీవి విడిచిపెట్టారు. అలా తరతరాలుగా చోట్లు మారుతూ వచ్చిన ఆ పేటిక 995లో ఈ గుట్ట మీదికి చేరింది. ఈ కట్టడానికంతటికీ కారణమైన ఆ సమాధి మీద ఈనాడు ఉన్నది ఒక మామూలు రాతి పలక, దాని మీద ఆయన పేరు, అంతే.

మూడోదిగా లింకన్, నాలుగోదిగా దక్షిణాన సాలిస్‌బరీ చూడండి. సాలిస్‌బరీ దూరం గనుక ఒక రాత్రి అక్కడే ఉండేటట్టు వెళ్లండి. ఇవి నాలుగూ తీరికగా చూశాక ఇంకా ఓపిక ఉంటే, కొత్తదానికి బదులు డర్హమ్‌కే రెండోసారి వెళ్లమని నా మనవి.

ప్రశ్న: నేను విజయవాడలో సివిల్ ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఇనుప కడ్డీ, సిమెంటు లేని కాలంలో అంతంత ఎత్తు రాతి కప్పులు ఎలా నిలబెట్టారు? కూలిపోయినవి లేవా?

జవాబు: కూలినవి చాలా ఉన్నాయండీ. నిలిచినవాటి వైభవం కన్నా కూలినవాటిని మళ్లీ ఎలా నిలబెట్టారన్నదే నాకు ఎక్కువ ఆసక్తి, అందుచేత ఈ జవాబు కాస్త పెద్దది అవుతుంది.

మన ఆలయాలలో సాధారణంగా స్తంభం మీద రాతి దూలం, దూలం మీద పలక. బరువు నిలువుగా కిందికి దిగుతుంది. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, సాలిస్‌బరీ కేథడ్రల్‌కు శంకుస్థాపన జరిగింది 1220లో. ఇంచుమించు ఒకే కాలంలో రెండు దేశాల శిల్పులు రాతితోనే పనిచేస్తూ రెండు వేరు దారులు పట్టారు. అక్కడివారు కమానును నమ్ముకున్నారు. కమాను తన మీది బరువును తిన్నగా కిందికి దింపదు, పక్కలకు కూడా నెడుతుంది. ఆ నెట్టుడును ఆపడానికి గోడ లావుగానైనా ఉండాలి, బయటినుంచి ఊతమైనా ఉండాలి. డర్హమ్‌లో కప్పు కింద రాతి పక్కటెముకలు ఐమూలగా ఒకదాన్నొకటి దాటుతూ బరువును కొన్ని బిందువుల దగ్గరికి చేరవేస్తాయి. ఐరోపాలో పెద్ద ఎత్తున ఆ పద్ధతి పాటించిన తొలి కట్టడాలలో అది ఒకటి. గుండ్రటి కమానుకు బదులు మొనదేలిన కమాను వచ్చాక పక్క నెట్టుడు తగ్గింది, గోడలు పలచబడ్డాయి, పలచబడిన చోట కిటికీలు పెరిగాయి. మనం మెచ్చుకునే రంగుటద్దాలన్నీ ఆ లెక్క ఇచ్చిన ఖాళీలో వెలిసినవే.

అయితే వారికి లెక్క పుస్తకాలు లేవు, అనుభవమే ఆధారం; అది కొన్నిసార్లు చాలలేదు. లింకన్‌లో 1185 నాటి భూకంపానికి కట్టడం చాలా భాగం దెబ్బతిన్నది. మళ్లీ కట్టి, మధ్య గోపురం మీద సీసపు రేకు తొడిగిన చెక్క శిఖరం ఒకటి నిలబెట్టారు. దాని ఎత్తు సుమారు 160 మీటర్లు ఉండేదని చెబుతారు. అదే నిజమైతే ఈజిప్టు మహా పిరమిడ్డును కూడా మించినట్టే. అది 1548లో కూలింది, మళ్లీ కట్టలేదు.

ఈలీ అనే ఊరి కేథడ్రల్ కథ ఇంతకన్నా గొప్పది. 1322 ఫిబ్రవరిలో ఒక రాత్రి అక్కడి మధ్య గోపురం మొత్తం కూలింది. మఠం సామగ్రి బాధ్యత చూసే అలన్ అనే సన్యాసి ఆ శిథిలాలను తొలగించి చూసి, ఒక సాహసమైన నిర్ణయానికి వచ్చాడు. కూలిన నాలుగు స్తంభాల స్థానంలో మళ్లీ నాలుగు నిలబెట్టకుండా, ఆ గుంతకు దూరంగా, గట్టి నేల మీద ఎనిమిది స్తంభాలు ఎత్తాలన్నది ఆ నిర్ణయం. ఎనిమిది కోణాల ఆ ఖాళీ సుమారు 23 మీటర్ల వెడల్పు. దాని మీద రాతి కప్పు వేయడం వల్ల కాదు గనుక రాజుగారి వడ్రంగి విలియం హర్లీని పిలిపించారు. దేశమంతా గాలించి తెచ్చిన ఓక్ మానులను, ఒక్కొక్కటి 63 అడుగుల పొడవున్నవి, ఎనిమిదింటిని నిలువుగా నిలిపి, వాటి మీద దీపపు గూడు లాంటి చెక్క శిఖరం కట్టాడు. కింద నిలబడి తల ఎత్తి చూస్తే అది దేని మీదా ఆనకుండా గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. నిజానికి చుట్టూ దాగిన ఏటవాలు దూలాలు దాని బరువునంతా ఎనిమిది స్తంభాలకు చేరుస్తున్నాయి. ముందుగా మాట్లాడుకుంటే పైకి తీసుకువెళ్లి ఆ దూలాలు చూపిస్తారు. మీ వృత్తివారు ఆ అవకాశం వదులుకోకూడదు. గొడ్డలి దెబ్బలు ఇప్పటికీ ఆ చెక్క మీద కనిపిస్తాయి.

వెల్స్ అనే ఊరి కేథడ్రల్‌లో గోపురం ఎత్తు పెంచగానే కింద స్తంభాలు కుంగడం మొదలుపెట్టాయి. అక్కడి మేస్త్రీ విలియం జాయ్ 1338 నుంచి పదేళ్లలో, ఒక కమాను మీద తలకిందులుగా ఇంకొక కమాను పెట్టి, కత్తెర ఆకారంలో ఊతాలు కట్టాడు. మొదటిసారి చూసేవారు అవి నేటి కట్టడమేమో అనుకుంటారు.

సాలిస్‌బరీ శిఖరం 123 మీటర్లు, బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తైన చర్చి శిఖరం. అసలు కట్టడం 1258 నాటికే పూర్తయింది. శిఖరం గురించి ఆలోచించకుండా నాలుగు అడుగుల లోతు పునాదులే వేశారు, అదీ నీరూరే కంకర నేల మీద. తరవాతి తరంవారు దాని నెత్తిన 6,500 టన్నుల గోపురాన్ని, శిఖరాన్ని మోపారు. మధ్యలో ఉన్న నల్లటి స్తంభాలను కింద నిలబడి వారగా చూడండి, వంగిన సంగతి కంటికే తెలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కొలిచి, శిఖరం సుమారు 75 సెంటీమీటర్లు పక్కకు ఒరిగిందని తేల్చాడు. ఆ ఒరుగు ఎక్కడ పడుతుందో నేల మీద గుర్తు పెట్టారు. నేలలోని ఒక రంధ్రంలోకి కర్ర దించి భూగర్భజలం మట్టం చూడడం అక్కడి వాడుక, ఆ నీరు ఎండిపోతే కంకర కదులుతుందని భయం.

ఆఖరున వించెస్టర్. అక్కడ తూర్పు భాగం మెత్తటి నల్లమట్టిలోకి దిగబడిపోతుంటే, పునాది కిందకు గోతులు తవ్వారు. తవ్విన ప్రతి గోతిలోనూ నీరు నిండింది. నీరు తోడితే గోడలే కూలే ప్రమాదం. విలియం వాకర్ అనే గజ ఈతగాడు 1906 నుంచి 1911 దాకా, బరువైన ఇత్తడి శిరస్త్రాణం తొడుక్కుని, రోజుకు ఆరు గంటలు ఆ చీకటి నీటిలో చేతి స్పర్శతోనే మట్టి తీసి కాంక్రీటు సంచులు పేర్చాడు. 25,800 సంచులు అని లెక్క రాసి ఉంది. అవి గట్టిపడి నీరు ఊరడం ఆగిన తరవాత తాపీ పనివారు దిగి మిగతా పునాది కట్టారు. ఆయన 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో చనిపోయాడు. ఆ కేథడ్రల్‌లో రాజుల అస్థికల పెట్టెలున్నాయి, నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ సమాధి ఉంది. వాటితోపాటు ఈతగాడి దుస్తుల్లో ఉన్న ఆ చిన్న విగ్రహాన్ని కూడా వెతికి చూడండి.

ప్రశ్న: మేము హిందువులం, రాజమహేంద్రవరం. లోపల ప్రార్థన జరుగుతున్నప్పుడు కూర్చోవచ్చా? చెప్పులు విప్పాలా? వారిచ్చే ప్రసాదం తీసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా కూర్చోవచ్చు, ఎవరూ మీ మతం అడగరు. చెప్పులు విప్పనక్కరలేదు, మగవారు టోపీ తీయడం మర్యాద. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆరాధన వేరు. అది క్రీస్తు శరీర రక్తాలకు గుర్తుగా విశ్వాసులు తీసుకునేది గనుక, మన ప్రసాదంలా అనుకుని చేయి చాచకండి. ఆ సమయంలో మీ చోట మీరు కూర్చుని ఉంటే ఎవరూ తప్పు పట్టరు. వెళ్లి మోకరించదలచుకుంటే రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టుకోండి, గురువు ఆశీర్వదిస్తారు.

మీరు వెళ్లవలసింది ఈవెన్‌సాంగ్‌కు. అంటే సాయంత్రం, సాధారణంగా ఐదు, ఐదున్నరకు మొదలై ముప్పావు గంట సాగే పాటల ప్రార్థన. అందులో రొట్టె, ద్రాక్షారసం ఉండవు, టికెట్టు ఉండదు. పగలు టికెట్టు పెట్టే కేథడ్రళ్లు కూడా ఆ వేళకు తలుపు ఊరికే తీస్తాయి. పదిహేను నిమిషాలు ముందు వెళితే గాయకుల పక్కనే, చెక్కిన ఓక్ బల్లల మీద కూర్చోబెడతారు. ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలు, వారి వెనక పెద్దలు. పూర్వం మగపిల్లలే పాడేవారు, సాలిస్‌బరీలో 1991లో ఆడపిల్లల బృందం మొదలయ్యాక చాలాచోట్ల ఇద్దరికీ అవకాశం వచ్చింది. రోజూ మరియమ్మ పాట ఒకటి పాడతారు. తెలుగు బైబిలులో 'నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది' అని మొదలయ్యేది అదే.

డర్హమ్‌లో ఒక నవంబరు సాయంత్రం నాకు బాగా గుర్తు. బయట నాలుగు గంటలకే చీకటి పడింది. చివరి మాట పాడి పిల్లలు నోరు మూశాక కూడా ఆ స్వరం పైన కప్పు దగ్గర కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంది. ముందు వరసలోని చిన్నపిల్లవాడు ఒకడు తల ఎత్తి, అది ఎక్కడికి పోతుందో అన్నట్టు పైకి చూశాడు. ఆ కప్పును ఎందుకంత ఎత్తున కట్టారో అప్పుడు నాకు అర్థమైంది. వేసవి సెలవులలో సొంత బృందం ఉండదు, బయటి బృందాలు వచ్చి పాడతాయి. కొన్నిచోట్ల వారంలో ఒక రోజు పాట లేకుండా చదువుతారు. వెళ్లేముందు చూసుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఖర్చు కూడా చూసుకోవాలి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (గుంటూరు)

జవాబు: గోపురాలు ఎక్కించకండి. యార్క్‌లో 275 మెట్లు, సాలిస్‌బరీలో 332, లండన్ సెయింట్ పాల్స్ పైదాకా 528. సన్నటి మెలికల మెట్లు, మధ్యలో వెనక్కి తిరిగే వీలు ఉండదు. కింద నేల మీదనైతే చాలాచోట్ల వాలుదారులు ఉన్నాయి, చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు. లింకన్‌లో స్టేషను నుంచి కేథడ్రల్‌కు వెళ్లే దారి పేరే నిటారు గుట్ట. ఆవిడను టాక్సీలో తీసుకువెళ్లండి. అరవై నిండినవారు పాస్‌పోర్టు చూపి సీనియర్ రైల్‌కార్డు కొనుక్కుంటే రైలు టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది, దాన్ని విదేశీయులు కూడా కొనవచ్చు. డర్హమ్‌లో ప్రవేశానికి టికెట్టు లేదు, ఇష్టమైనంత విరాళం వేస్తారు, దయచేసి వేయండి. టికెట్టు ఉన్నచోట అది కొన్నిసార్లు ఏడాదిపాటు చెల్లుతుంది గనుక పారేయకండి. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, చూడడానికి వెళ్లే రోజు కాదది.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. లండన్‌లో ఒక్క పూటే సమయం ఉంది. సెయింట్ పాల్స్ చూడవచ్చా?

జవాబు: చూడండి. 1666లో లండన్ తగలబడినప్పుడు పాత కేథడ్రల్ కాలిపోయింది. సాలిస్‌బరీ ఒరుగును కొలిచిన రెన్‌గారే 1675 నుంచి 1710 దాకా ఇప్పటిదాన్ని కట్టించారు. పైన చెప్పినవాటి లాంటి మొనదేలిన కమానులు ఇక్కడ ఉండవు, ఇది గుమ్మటం ఉన్న వేరే తీరు. మన దేశానికి సంబంధించిన విగ్రహాలు లోపల కొన్ని ఉన్నాయి. సంస్కృతానికి, గ్రీకు, లాటిన్ భాషలకు చుట్టరికం ఉందని 1786లో కలకత్తాలో ప్రకటించిన విలియం జోన్స్ విగ్రహం వాటిలో ఒకటి. నేలమాళిగలో రెన్ సమాధి ఉంది. దాని పైన లాటిన్‌లో రాసిన మాటలకు, 'పాఠకుడా, ఈయన స్మారకచిహ్నం కావాలంటే చుట్టూ చూడు' అని అర్థం.

ప్రశ్న: మాది హనుమకొండ. పోయిన ఏడాది ఈలీ చూశాము. అక్కడ మరియమ్మ మందిరంలో గోడ చుట్టూ ఉన్న చిన్న చిన్న శిల్పాలకు ఒక్కదానికీ తల లేదు. పరాయి సైన్యం పనా?

జవాబు: కాదండీ, సొంతవారి పనే. పదహారో శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ రాజు రోమ్ పోప్‌తో తెగతెంపులు చేసుకుని, మఠాలను మూసివేసి, వాటి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. పుణ్యపురుషుల సమాధులను, విగ్రహాలను పూజించడం అపచారమన్న బోధ దేశమంతా పాకింది. ఈలీ శిల్పాల తలలు ఆ కాలంలో సుత్తితో కొట్టినవి. దెబ్బ ముఖం మీదనే పడింది, బట్టల ముడతలు, పాదాల కింది ఆకులు, లతలు చెక్కుచెదరలేదు. ఆ మందిరంలో నిలబడితే వరంగల్ కోటలో నేల మీద పడి ఉన్న రాళ్ల మధ్య నిలబడినప్పుడు కలిగే బాధే నాకు కలిగింది. ఎవరు కొట్టారన్నది ఆ బాధను తగ్గించదు.

కాంటర్‌బరీలో ఆర్చిబిషప్పు థామస్ బెకెట్‌ను 1170 డిసెంబరు 29న రాజుగారి మనుషులు నలుగురు కేథడ్రల్ లోపలే నరికి చంపారు. ఆయన సమాధికి మూడున్నర శతాబ్దాలు యాత్రికులు పోటెత్తారు. 1538లో హెన్రీ దాన్ని పెకలించి, బంగారం, రత్నాలు బండ్ల మీద తరలించాడు. ఆ చోట ఈనాడు ఖాళీ నేల, దాని మీద వెలుగుతున్న ఒక్క కొవ్వొత్తి. చుట్టూ యాత్రికుల మోకాళ్లకు అరిగిన రాళ్లు అలాగే ఉన్నాయి.

1640లలో రాజుకు, పార్లమెంటుకు మధ్య జరిగిన అంతర్యుద్ధంలో మరోసారి విధ్వంసం జరిగింది. వించెస్టర్‌లో సైనికులు పగలగొట్టిన పడమటి కిటికీ ముక్కలను ఊరివారు ఏరి దాచారు. రాజరికం తిరిగి వచ్చాక బొమ్మలు కుదరకపోయినా ఆ ముక్కలనే ఎలా వీలైతే అలా అతికించి కిటికీ నింపారు. అందులో ఒక చోట చేయి కనిపిస్తుంది, ఒక చోట కిరీటం అంచు కనిపిస్తుంది, కథ మాత్రం కనిపించదు. యార్క్ అద్దాలు ఎందుకు మిగిలాయంటే, 1644లో ఆ నగరం పార్లమెంటు సేనలకు లొంగినప్పుడు సేనాపతి థామస్ ఫెయిర్‌ఫాక్స్ ఆ ప్రాంతంవాడు కావడం వల్ల వాటిని ముట్టనివ్వలేదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి వచ్చి కవెంట్రీలో చదువుకుంటున్నాను. మా కాలేజీ ఎదురుగానే కేథడ్రల్ ఉంది. పాతది గోడలే, కొత్తది కొత్తదే. ఇందులో చూడవలసింది ఏముంది?

జవాబు: బాబూ, నువ్వు రోజూ దాటిపోతున్నది ఆ దేశంలో చూడవలసిన చోట్లలో ఒకటి. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఆ ఊరి మీద తెల్లవార్లూ బాంబులు కురిపించాయి. తెల్లవారేసరికి కేథడ్రల్‌కు గోపురం, శిఖరం, బయటి గోడలు మిగిలాయి, కప్పు లేదు. కాలిన దూలాలు రెండు సిలువ ఆకారంలో పడి ఉండడం చూసి ఒకరు వాటిని కట్టి నిలబెట్టారు. పాత కప్పులోని మధ్యయుగపు మేకులు మూడింటిని కలిపి మరొక చిన్న సిలువ చేశారు. ఆ తరవాత అటువంటి మేకుల సిలువలను జర్మనీలో బాంబులకు నేలమట్టమైన ఊళ్లకు కూడా పంపించారు. శిథిలాలను అలాగే ఉంచి, వాటి పక్కనే బాసిల్ స్పెన్స్ రూపొందించిన కొత్త కేథడ్రల్‌ను 1962లో ప్రతిష్ఠించారు. రెంటి మధ్య ఉన్నది నిలువెత్తు అద్దపు గోడ. దాని మీద దేవదూతల, పునీతుల రూపాలు గీసి ఉంటాయి. లోపల కూర్చుని వెనక్కి తిరిగితే ఆ రూపాల గుండా కప్పులేని పాత గోడలు కనిపిస్తాయి.

పాత బలిపీఠం వెనక గోడ మీద ఆనాటి గురువు రిచర్డ్ హోవర్డ్ రెండే మాటలు చెక్కించాడు, 'తండ్రీ, క్షమించుము' అని. సిలువ మీద యేసు పలికిన మాట మన తెలుగు బైబిలులో 'తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము' అని ఉంటుంది. హోవర్డ్ అందులోనుంచి 'వీరిని' అన్న మాట తీసేశాడు. బాంబులు వేసినవారిని మాత్రమే క్షమించమని అడగడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆ కప్పులేని గోడల మధ్యనే చిన్న ప్రార్థన చదువుతారు. ఐదు నిమిషాలు కూడా పట్టదు. తరగతి లేని శుక్రవారం చూసుకుని వెళ్లు; వాన పడుతుంటే గొడుగు తీసుకువెళ్లు, ఎందుకంటే ప్రార్థన వానలో కూడా ఆరుబయటే జరుగుతుంది.